సార్ వచ్చిండు, ఫొటో దిగిండు... తర్వాత?

ఊరికి పెద్ద నాయకుడు వస్తున్నాడంటే ఏం జరుగుతుందో మనకు కొత్త కాదు. పొద్దున్నే రోడ్డు గుంతల్లో మొరం పడుతుంది. మోరీల పక్కన బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. కాన్వాయ్ ఆగుతుంది, శాలువాలు, కొబ్బరికాయ, శిలాఫలకం. సాయంత్రానికి అందరి వాట్సాప్ స్టేటస్‌లో అదే ఫొటో.

సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని డెమో అంటాం. క్లయింట్ చూసే రోజు అన్ని బటన్లూ చక్కగా పనిచేస్తాయి. అసలు పరీక్ష మర్నాడు మొదలవుతుంది. పర్యటనలూ అంతే. వికారాబాద్ జిల్లా పూడూరు మండలం, దాని చుట్టుపక్కల ఈ మధ్య జరిగిన మూడు సంగతులే చూడండి.

మొదటిది రోడ్డు. హైదరాబాద్ అప్పా జంక్షన్ నుంచి పూడూరు మండలంలోని మన్నెగూడ దాకా బీజాపూర్ హైవే సుమారు 46 కిలోమీటర్లు. దీన్ని నాలుగు లేన్లు చేయడానికి 2022లో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. దారి పొడవునా వందలాది పాత మర్రి చెట్లు. వాటిని నరకొద్దని కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది, పని ఆగింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టి 19 మంది చనిపోయారు. వాళ్లలో హైదరాబాద్‌లో చదువుకుంటున్న పిల్లలూ ఉన్నారు. అప్పుడు నాయకులంతా మళ్లీ వచ్చారు. చెట్లు కావాలన్నవాళ్లదీ న్యాయమే, రోడ్డు కావాలన్నవాళ్లదీ న్యాయమే. కానీ చెట్ల లెక్క తేలాల్సింది కొబ్బరికాయ కొట్టకముందు!

రెండోది దామగుండం. 2024 అక్టోబర్ 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలిసి ఇక్కడ నౌకాదళ రాడార్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సముద్రం లోపలున్న జలాంతర్గాములకు సంకేతాలు పంపే కేంద్రమిది. తమిళనాడులోని తిరునెల్వేలి తర్వాత దేశంలో రెండోది. దీనికి ఇచ్చిన అటవీ భూమి సుమారు 2,900 ఎకరాలు. దేశ రక్షణకు అవసరమే, ఎవరూ కాదనరు. మరి అడవి సంగతేంటి, రామలింగేశ్వర స్వామి గుడికి దారేంటి, మూసీ పుట్టే ఈ ప్రాంతంలో నీళ్ల మాటేంటి అని జనం అడిగారు. ఆ ప్రశ్నలకు ఊళ్లో కూర్చుని జవాబు చెప్పాల్సిన సర్పంచ్‌లు అప్పుడు లేరు. 2024 ఫిబ్రవరి మొదట్లోనే వాళ్ల పదవీకాలం అయిపోయింది, ప్రత్యేకాధికారుల పాలన నడుస్తోంది.

మూడోది లగచర్ల. ఇది ఇదే జిల్లాలోని దుద్యాల మండలం, ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కొడంగల్. ఫార్మా విలేజ్ భూముల మీద అభిప్రాయం తీసుకోవడానికి 2024 నవంబర్ 11న కలెక్టర్ వెళ్లారు. అధికారులపై దాడి జరిగింది. దాడి ముమ్మాటికీ తప్పు. తర్వాత కేసులు, అరెస్టులు, రైతులకు జైలు. ఆ నెలాఖరుకే ఫార్మా నోటిఫికేషన్‌ను ప్రభుత్వం వెనక్కి తీసుకుని, పారిశ్రామిక పార్క్ కోసం కొత్తది ఇచ్చింది. అడిగే పని ముందే జరిగి ఉంటే ఇంత గొడవ అయ్యేదా?

మూడింటిలో ఒకటే సమస్య. మాట్లాడాల్సింది ముందు, మాట్లాడింది తర్వాత.

చిన్న పర్యటనలకూ ఇదే వర్తిస్తుంది. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. పప్పు మిల్లు ముందు, నాపరాతి పాలిషింగ్ యూనిట్ ముందు నిలబడి ఫొటో దిగడం తేలిక. ఆ గుర్తింపు వచ్చాక రైతుకు క్వింటాల్‌కు ఎంత ఎక్కువ దొరికింది, రాళ్ల దుమ్ములో పనిచేసేవాళ్లకు వైద్య పరీక్షలు చేయిస్తున్నారా అని అడిగితేనే ఆ పర్యటనకు విలువ.

మరి మనమేం చేయొచ్చు? చేతిలో ఫోన్ ఉంది కదా.

సార్ మాటిచ్చేటప్పుడు వీడియో తీయండి, కానీ మూడు ప్రశ్నలు కూడా అడగండి. డబ్బు ఏ పద్దు నుంచి? అనుమతులన్నీ వచ్చాయా? ఎప్పటికి పూర్తవుతుంది? ఎంపీకి నియోజకవర్గ పనుల కోసం ఏటా 5 కోట్ల రూపాయలు ఉంటాయి. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. పంచాయతీ పనులు, ఖర్చులు మేరీ పంచాయత్ యాప్‌లో చూడొచ్చు. అక్కడా దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అన్నిటికంటే ముఖ్యం గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కనీసం రెండు నెలలకోసారి జరగాలి. 2025 డిసెంబర్ ఎన్నికలతో ఊళ్లకు మళ్లీ సర్పంచ్‌లు వచ్చారు. కాబట్టి "సభ ఎప్పుడు పెడుతున్నవ్ అన్నా?" అని అడగడానికి ఇప్పుడు మనిషి ఉన్నాడు. సిటీలో ఉద్యోగం చేస్తున్నా సరే, సంవత్సరంలో ఒక్క సభకైనా ఊరికి వెళ్లండి. అక్కడ రాసుకున్న తీర్మానం ఉంటే, వచ్చే నాయకుడు ఎవరైనా ముందు ఆ కాగితం చదవాల్సి వస్తుంది. సెల్ఫీ తర్వాత దిగొచ్చు.