పది శాతం లోపుంటే చౌర్యం కానట్టేనా?

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు పరిశోధక విద్యార్థులను కంగారు పెట్టేది సాఫ్ట్‌వేర్ చూపే ‘సారూప్యత’ శాతం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అది 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకైతే ఆరు నెలలు మించకుండా సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 వరకైతే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇచ్చే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

అందుకే చాలామంది మాటలు మార్చి శాతం తగ్గించే పనిలో పడతారు. చిక్కంతా ఇక్కడే. సాఫ్ట్‌వేర్ పోల్చేది పదాలను. ఆలోచన ఎవరిదో అది తేల్చలేదు. ఇతరుల వాదనను పర్యాయపదాలతో తిరగరాసి, వారి పేరు చెప్పకపోతే శాతం తగ్గొచ్చు గానీ చౌర్యం చౌర్యమే. ఇంగ్లిష్ వ్యాసాన్ని తెనిగించి సొంతమని చెప్పుకున్నా అంతే. మూలం పేర్కొని కొటేషన్ గుర్తుల్లో ఇచ్చిన వాక్యం మాత్రం తప్పు కాదు. నిబంధనలు దాన్ని లెక్కలోంచి మినహాయించాయి.

మూలాన్ని చదివి, పక్కన పెట్టి, అర్థమైనది సొంత మాటల్లో రాయాలి. తర్వాత మూలంతో సరిచూసుకొని రచయిత పేరు, పేజీ సంఖ్య ఇవ్వాలి. చూడకుండా రాయలేకపోతున్నామంటే విషయం ఇంకా అర్థం కాలేదన్నమాట. అప్పుడు చేయాల్సింది మాటలు మార్చడం కాదు, మళ్లీ చదవడం.