ఏది అక్షరదోషం, ఏది మన ఊరి మాట

'మద్యపాన నిషేధం' అని ఉండాల్సిన చోట 'మధ్యపాన నిషేధం' అని రాసిన గోడలు తెలుగునాట కొల్లలు. రాసినవాళ్ల ఉద్దేశం అందరికీ తెలుస్తూనే ఉంటుంది. దాన్ని చదివి మొదట్లోనూ చివర్లోనూ తాగొచ్చు కాబోలు అనుకున్నవాడు ఎవడూ ఉండడు. అయినా దారినపోయే పెద్దమనిషి ఒకాయన నవ్వుతాడు. అదే పెద్దమనిషి 'నిన్న మా బావ వచ్చిండు' అని రాసినవాణ్ని చూసి కూడా అలాగే నవ్వుతాడు. ఫోనులో 'దుఃఖం' అన్న మాట విరిగిపోయి కనిపిస్తే, ఈ కాలం పిల్లలకు భాష రాదని నిట్టూరుస్తాడు. మూడింటినీ ఒకే గాటన కట్టేశాడన్నమాట. మొదటిది నిజంగానే తప్పు. రెండోది తప్పు కాదు. మూడోది ఆ పిల్లవాడికి భాష రాక జరిగింది కాదు, ఏ మీట నొక్కాలో ఎవరూ చెప్పక జరిగింది.

ఒత్తుల సంగతి ముందు చూద్దాం. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ, ఈ పదీ ప్రధానంగా సంస్కృతం మాటలతో పాటు మనకు వచ్చాయి. అచ్చతెలుగు మాటల్లో అవి దాదాపు లేవు. అమ్మ, నాన్న, కూడు, గుడ్డ, ఇల్లు, వాకిలి, ఆవు, దూడ... ఎంత వెతికినా ఒత్తక్షరం తగలదు. నలభై, యాభై, ఎనభై, తొంభైలలో మాత్రం ఒక 'భ' చొరబడింది. 'పది' ముందున్న మాటతో కలిసి నలిగిపోయినప్పుడు పుట్టిన ఒత్తు అది. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందుకే బ, భల తేడా మన నోటికి పెద్దగా పట్టదు. నలుగురం కూర్చుని మాట్లాడుకునేటప్పుడు 'బోజనం' అనే అంటాం, రాసేటప్పుడు 'భోజనం' అని రాస్తాం. ఇక్కడ చెవి సాయం చెయ్యదు. కన్ను గుర్తుపెట్టుకోవాల్సిందే. కన్ను సగం గుర్తుపెట్టుకుంటే 'బాధ్యత' కాస్తా 'భాద్యత' అవుతుంది. ఆ మాటలో ఎక్కడో ఒక ఒత్తు ఉందని రాసినవాడికి జ్ఞాపకమే, ఏ అక్షరానికో జ్ఞాపకం లేదు. మరికొందరు ఎందుకైనా మంచిదని రెండింటికీ ఒత్తిచ్చి 'భాధ' అని రాస్తారు. దీన్ని పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. సంస్కృతంలో ఒకే ధాతువులో రెండు ఒత్తక్షరాలు వెంటవెంటనే రావడం సాధారణంగా జరగదు. రెండు రావాల్సి వస్తే మొదటిది ఒత్తు వదిలేసుకుంటుంది. ఈ సంగతిని 1863లో సూత్రంగా చెప్పినవాడు గ్రాస్‌మన్ అనే జర్మన్, ఆయన గణిత పండితుడు కూడా. సరిగ్గా అదే ఏడాది, వాడుకభాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తి పుట్టారు. కాకతాళీయమే అనుకోండి, ఆయన దగ్గరికి ఎలాగూ వస్తాం.

అన్నిటికన్నా ఎక్కువ కనబడే తప్పు 'అర్థం', 'అర్ధం'ల తారుమారు. పొట్టలో చుక్క ఉంటే థ, లేకపోతే ధ. ఆ చుక్కే కింద ఒత్తుగా వచ్చినప్పుడు ఆవగింజంత అయిపోతుంది. చిన్న సైజు అచ్చులో ఉందో లేదో కళ్లద్దాలు పెట్టుకున్నా తెలియదు. పైగా మనలో చాలామంది 'కథ'ను 'కధ' అనే పలుకుతారు. చెవీ మోసం చేసి, కన్నూ మోసం చేశాక ఇక దిక్కేముంది? అందుకే ఆర్థిక, విద్యార్థి, ప్రార్థన, సంస్థ అన్న మాటలు బోర్డుల మీద చుక్క పోగొట్టుకుని తిరుగుతుంటాయి. అర్థం కుటుంబానికి సంబంధించినంతవరకు ఒకటి గుర్తుంచుకుంటే చాలు. సగం అని చెప్పుకోగలిగిన చోట ధ: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధరూపాయి. భావం, డబ్బు, కోరడం, ఈ మూడింటిలో దేనికి సంబంధించినా థ: అర్థం, ఆర్థికం, విద్యార్థి, అభ్యర్థి. చిహ్నం, మధ్యాహ్నం లాంటివి మరో బాపతు. అక్కడ నోరు 'న'ను ముందుకు తెచ్చేస్తుంది, రాత మాత్రం 'హ'నే ముందు ఉంచింది.

వీటిని తప్పులని ధైర్యంగా ఎందుకు అనగలుగుతున్నాం? శ్రీకాకుళంలోనైనా ఆదిలాబాదులోనైనా చిత్తూరులోనైనా రాసేటప్పుడు 'బాధ్యత'కు రెండో రూపం లేదు. నిఘంటువులన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. ఎవరైనా సరిదిద్దితే రాసినవాడి ఊరినీ ఇంటినీ కించపరిచినట్టు కాదు.

'వచ్చాడు' సంగతి అలా కాదు. ఈ ఒక్క మాటను దగ్గరగా చూస్తే తెలుగు రాతలో ప్రమాణం ఎలా పుట్టిందో తెలిసిపోతుంది. గ్రంథాల భాషలో ఇది 'వచ్చినాఁడు', మధ్యలో అరసున్నతో సహా. రాయలసీమలో అరసున్న రాలిపోయి 'వచ్చినాడు' మిగిలింది. తెలంగాణలో కుదించుకుని 'వచ్చిండు' అయింది. 'న'కారం జాడ అందులో ఇంకా ఉంది. ఉత్తరాంధ్రలో 'వచ్చేడు' అన్నారు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో 'వచ్చాడు' అయింది. అన్నీ ఒక తల్లి పిల్లలే. పాత రూపానికి ఎవరు దగ్గర అని లెక్క తీస్తే కోస్తా 'వచ్చాడు' ముందు వరసలో కూడా ఉండదు. కండ్లు, ఇండ్లు, పండ్లు అన్నవాళ్లను పట్నంలో వెక్కిరించడం చూస్తుంటాం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణాన్ని అడిగితే ఇండ్లు, కండ్లే సాధువులు. వెక్కిరించేవాళ్లు రాసే ఇళ్లు, కళ్లే తర్వాతి కాలం రూపాలు.

మరి 'వచ్చాడు' పత్రికల్లోకీ పాఠ్యపుస్తకాల్లోకీ ఎలా ఎక్కి కూర్చుంది? దానికో పోరాటం కథ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బడిపిల్లలు రాయాల్సింది గ్రాంథికం. ఇంట్లో మాట్లాడేది ఒకటి, పరీక్షలో రాసేది మరొకటి. విశాఖపట్నం ప్రాంతానికి పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు ఈ తేడా వింతగా తోచింది. ఆయన లేవనెత్తిన ప్రశ్న గిడుగునూ గురజాడనూ కదిలించింది. ఎదుటి పక్షాన జయంతి రామయ్య పంతులు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిలబడ్డాయి. గురజాడ 1914లో గ్రాంథికాన్ని కాదంటూ తన అసమ్మతి పత్రం రాసి, మరుసటి ఏడాది కన్నుమూశారు. గిడుగు ఆ తర్వాత కూడా చాలాకాలం పోరాడారు. 1919లో 'తెలుగు' అని సొంతంగా పత్రికే పెట్టారు.

గిడుగు వాదించిన తీరు నాకు మహా ఇష్టం. వాడుకభాష తియ్యనిది, ప్రజలది అని ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదాయన. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల పుస్తకాలే ముందు పెట్టుకుని, వాళ్ల వ్యాకరణం ప్రకారమే వాళ్ల రాతలో దొర్లిన తప్పులు ఏరారు. బాలకవి శరణ్యం, గద్యచింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం, ఈ పుస్తకాల నిండా పేజీలకు పేజీలు అవే ఉదాహరణలు. 'మీరే నిలబెట్టుకోలేని నియమాన్ని పదేళ్ల పిల్లవాడి నెత్తిన ఎలా రుద్దుతారు?' అన్నదే ఆయన ప్రశ్న సారాంశం. ఇతరుల రాతను దిద్దుతూ రాసిన నాలుగు వాక్యాల్లోనే రెండు తప్పులు దొర్లించేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు గనక ఆ పుస్తకాలకు కాలం చెల్లలేదు.

చివరికి వాడుకభాషే గెలిచింది. అయితే ఎవరి వాడుక? చదువుకున్నవాళ్లు, అచ్చుయంత్రాలు, పత్రికలు ఎక్కువగా ఉన్న మధ్యకోస్తా జిల్లాల వాడుక 'శిష్ట వ్యావహారికం' అన్న పేరుతో ప్రమాణమై కూర్చుంది. గ్రాంథికం చేసిన అన్యాయమే చిన్న మోతాదులో ఇదీ చేసింది. వరంగల్లులో పుట్టి పెరిగిన పిల్లవాడికి మళ్లీ ఇంటి మాట వేరు, బడి మాట వేరు. కవి కాళోజీ నారాయణరావు జీవితమంతా దీని మీద కోపంగానే మాట్లాడారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9 ఇవాళ తెలంగాణ భాషా దినోత్సవం. గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. రెండు పండుగలూ పన్నెండు రోజుల్లో వచ్చిపోతాయి. రెండు సభల్లోనూ ఒకే ప్రసంగం చదవగల వక్తలు మనకు ఉన్నారు గానీ, ఆ రెండు తేదీల వెనకున్న వాదనలు మాత్రం ఒకదాన్నొకటి ప్రశ్నిస్తాయి.

ఫ్రెంచివాళ్లకు ఉన్నట్టు మనకు భాష మీద తీర్పు చెప్పే పీఠం ఏదీ లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలూ పారిభాషిక పదాలూ చూసుకుంది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. ఆచరణలో ఏ మాట ఎలా రాయాలో తేల్చింది మాత్రం పత్రికల డెస్కులే. బూదరాజు రాధాకృష్ణ లాంటివారు జర్నలిజం పాఠశాలలో ఏళ్ల తరబడి విలేకరులకు ఆ రాత నేర్పారు. అయినా నుంచి, నుండి రెండూ నడుస్తున్నాయి. చేయడం, చెయ్యడం, చేయటం మూడూ నడుస్తున్నాయి. అయిదు, ఐదు, కళ్లు, కళ్ళు, ఔను, అవును. వీటిలో ఒకటి ఎంచుకుని ఒక రాతలో మొదటి నుంచి చివరిదాకా దాన్నే వాడితే సరిపోతుంది. ఎదుటివాడు రెండోది రాశాడని దిద్దబోవడం ఊసుపోని పని.

ఇక యంత్రం చేసే పొరపాట్లు. ఇవి కొత్తవి. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఒక పద్ధతి తెచ్చారు. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాయడం అందులో సాధ్యమైంది. చిన్న అక్షరం కొడితే 'త', పెద్ద అక్షరం కొడితే 'ట'. షిఫ్ట్ మీట మరిచిపోతే 'పాట' కాస్తా 'పాత' అయ్యేది. ఇప్పటి ఫోను మనం కొట్టిన ఇంగ్లీషు అక్షరాలు చూసి తానే ఊహించి తెలుగు మాట పెడుతుంది. ఆ ఊహ తప్పినా మనం చూసుకోకుండా పంపేస్తాం. 'భాద'లలో కొన్నిటికి కర్త అదే.

మొదట్లో చెప్పిన 'దుఃఖం' విరగడమూ యంత్రం పొరపాటే. విసర్గకు కీబోర్డులో ప్రత్యేకంగా అక్షరం ఉంది. అది దొరకనివాళ్లు విరామచిహ్నాల్లోని రెండు చుక్కలు పెట్టి 'దు:ఖం' అని రాస్తారు. కంటికి ఇంచుమించు ఒకటే. కంప్యూటరు మాత్రం ఒక్కోసారి ఆ రెండు చుక్కల దగ్గర మాట అయిపోయిందనుకుంటుంది. అప్పుడు వరస చివర పడితే 'దు:' ఒక వరసలో, 'ఖం' మరో వరసలో తేలవచ్చు. సున్న సంగతి ఇంకా చిత్రం. తెలుగు అంకెల్లోని సున్న, అక్షరమాలలోని సున్న చాలా ఫాంట్లలో కవలపిల్లల్లా ఉంటాయి. కొందరు తెలియక 'అందం'లో అంకె సున్న పెడతారు. చదివేవాడికి తేడా తెలియదు. వెతికేవాడికి మాత్రం ఆ పేజీ ఎన్నటికీ దొరకదు. 'కళ్లు', 'కళ్ళు'ల విషయంలోనూ ఇదే చిక్కు. రెండూ ఒప్పే అయినా, కంప్యూటరుకు మాత్రం అవి వేరువేరు మాటలు.

'సాఫ్ట్‌వేర్' అనే మాట 'సాఫ్ట్వేర్'గా ఎందుకు ముద్ద కడుతుందో కూడా చెప్పుకోవాలి. తెలుగు లిపిలో పొల్లు తర్వాత మరో హల్లు వస్తే అది కిందికి దిగి ఒత్తు అవుతుంది. వందల ఏళ్లుగా మన మాటలకు అది సరిపోయింది, ఎందుకంటే తెలుగు మాట సాధారణంగా అచ్చుతోనో సున్నతోనో ముగుస్తుంది. ఇంగ్లీషు మాటలు పొల్లుతో ఆగుతాయి. 'ట్' దగ్గర ఆగి 'వే' మొదలుపెట్టాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అడ్డుగోడ కావాలి. యూనికోడ్ దానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అని పేరు పెట్టింది. చాలా ఫోన్లలో ఆ మీట ఎక్కడుందో వెతుక్కోవాలి. పాతతరం వాళ్లకు ఈ బెడదే లేదు. బస్సు, ఫోను, బ్యాంకు, ఆఫీసు అని చివర ఒక ఉకారం తగిలించి పరాయి మాటను ఇంటి మాట చేసుకున్నారు. ఇప్పటికీ పట్టుదలగా 'సాఫ్టువేరు' అని రాసేవాళ్లు ఉన్నారు. చాదస్తమని నవ్వేవాళ్ల మాట పక్కన పెడితే, ఆ రాతలో అడ్డుగోడ అక్కర్లేదు, మాట ముద్దా కట్టదు.

అన్నట్టు, పైన రాసిన 'బ్యాంకు' కూడా తేలని లెక్కే. బ్యాంకు, బాంకు, బేంకు మూడూ అచ్చులో కనిపిస్తాయి. ఇంగ్లీషులో 'బ' తర్వాత పలికే అచ్చు 'ఆ' కాదు, 'ఏ' కాదు, రెండింటికీ నడుమది. దానికి మన అక్షరమాలలో గుర్తు లేదు. ఇది పరాయి ధ్వని గదా, అందుకే లేదనుకుంటే పొరపాటు. కోస్తాలో 'వచ్చాడు' అన్నప్పుడు 'చ్చా' దగ్గర నోరు ఎలా తెరుచుకుంటుందో ఒకసారి చూసుకోండి. 'చాప'లోని 'చా' కాదు, 'చేప'లోని 'చే' కాదు. బ్యాంకులో ఉన్న అచ్చే అది. తరతరాలుగా పలుకుతున్నా దానికి అక్షరం చేసుకోలేదు. ఒకరు 'వచ్చాడు' అని, మరొకరు 'వచ్చేడు' అని రాయడానికి యాస తేడాతో పాటు ఈ లోటు కూడా కారణం. ఉన్న రెండు గుర్తుల్లో దగ్గరగా తోచినదాన్ని ఎవరికి వారు ఎంచుకున్నారు.