రైలు పోయిన దారిని సైకిలు యాత్ర

మన ప్రాంతమువారికి నౌపడ–గుణుపురం చిన్నరైలు తెలియనిది కాదు. 1900లో పర్లాకిమిడి వరకు వచ్చి, 1931లో గుణుపురం చేరిన ఆ రెండున్నర అడుగుల పట్టాల బండి 2004లో నిలిచిపోయినది. తరువాత అదే దారిని పెద్దగేజి పట్టాలు పడినవి గనుక దారి దారిగానే మిగిలినది. అట్లుగాక రైలు మరి రానే రాదని తేలినచో ఆ కట్ట ఏమగును? కొంత పొలములలో కలియును, కొంతపై ఇండ్లు లేచును, వంతెనల ఇనుము తుక్కు క్రింద పోవును. ఇంతకంటె వేరొక గతి దానికి ఉండగలదని మేమును చాలకాలము ఎరుగము.

అమెరికాలో 1916 నాటికి 2,54,000 మైళ్ల రైలుమార్గము ఉండెడిది. మోటారులు, లారీలు ప్రబలిన పిమ్మట దానిలో పెద్దభాగము మూతబడినది. ఒకసారి ముక్కలై పోయిన దారిని తిరిగి సంపాదించుట ఎంత ధనవంతమైన దేశమునకైనను కష్టము. కావున 1983లో అక్కడ ఒక చట్టసవరణ చేసిరి. రైలు మానిన కంపెనీ తన దారిని తెగనమ్మక, భవిష్యత్తులో అవసరమైనచో మరల పట్టాలు వేయుటకు వీలుగా నిలిపియుంచవచ్చును. అంతవరకు ఆ దారిని నడచువారికిని సైకిళ్లవారికిని విడువవచ్చును. ప్రక్క భూములవారు కొందరు, “మా తాతలు రైలుకని ఇచ్చినారు గాని సైకిళ్లకని ఇచ్చినారా?” అని వ్యాజ్యమాడిరి. 1990లో ఆ దేశపు సుప్రీంకోర్టు చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. భూములవారి వాదనలోను కొంత న్యాయము లేకపోలేదని మా అభిప్రాయము. నష్టపరిహారము కోరుకొను త్రోవను కోర్టు వారికి మూయలేదు.

మేము ఇక్కడ చెప్పబోవు దారిలో తూర్పుభాగము ఆ చట్టమునకు పూర్వమే రైలు పోగొట్టుకొన్నది. దాని పేరు గ్రేట్ అలిగేనీ పాసేజ్. పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గు మొదలు మేరీలాండులోని కంబర్లాండు వరకు 150 మైళ్లు, అనగా సుమారు 240 కిలోమీటర్లు. దీనిలో తూర్పుభాగము వెస్టర్న్ మేరీలాండ్ రైల్వేవారు 1912లో ముగించిన మార్గము. 1975లో దానిపై బండ్లు ఆగినవి. 1986లో ఒహయోపైల్ అను ఊరి వద్ద మొదటి తొమ్మిది మైళ్లు సైకిళ్లకు తెరచిరి. పిట్స్‌బర్గు కొస 2013లో గాని పూర్తికాలేదు. ఇరువదియేడేండ్లు పట్టిన పని. దారిలో చాలభాగమున నలిపిన సున్నపురాతి పొడి గట్టిగా పరచియున్నది. మోటారు బండ్లు రారాదు. ప్రవేశ రుసుము లేదు.

ఈ దారితో మాకేమి పని అని చదువరులు అడుగవచ్చును. మా తమ్ముడు పిట్స్‌బర్గులో ఉద్యోగము. అతడు కొన్నేండ్ల క్రిందట మార్చి నెలలో, ఎవరినీ అడుగక, ఒంటరిగా ఈ యాత్రకు బయలుదేరినాడు. నాలుగు రోజులు చలిలో ఎక్కుడు దారి త్రొక్కి కొండకొమ్ము దాటి బిగ్ శావేజ్ సొరంగము చేరునప్పటికి, దాని పెద్ద తలుపులు మూసియున్నవి! 3,294 అడుగుల ఆ సొరంగములో ఊరెడి నీరు చలికాలమున గడ్డకట్టి గోడలను చీల్చును. అందుచే సుమారుగా డిసెంబరు నడుమ నుండి ఏప్రిలు మొదటి దినముల వరకు తలుపులు వేయుదురు. చుట్టుత్రోవలు కొండమీది నిటారు రోడ్లు. తమ్ముడు స్నేహితుని కారు పిలిపించుకొని ఇల్లు చేరినాడు. ఎక్కుడంతయు ఎక్కి, సుమారు 35 కిలోమీటర్ల దిగుడు మాత్రము పోగొట్టుకొన్నాడన్నమాట. తప్పు సొరంగముది కాదు, తెరచు తేదీ విచారింపని మా తమ్మునిది.

ఆ మరుసటేట అతనికి గుండెకు శస్త్రచికిత్స జరిగినది. కోలుకొనిన తరువాత వ్రాసిన మొదటి ఉత్తరములోనే, “అన్నయ్యా, ఆ దిగుడు నాకు బాకీ యున్నది. ఈ వేసవి సెలవులకు నీవు వచ్చినచో ఇద్దరమూ వెళ్లుదము” అన్నాడు. వైద్యుడు ఒక షరతుపై ఒప్పుకొన్నాడు. రొప్పు రాకుండ, ప్రక్కవానితో మాటలాడుచు త్రొక్కగలిగినంత వేగమే గాని అంతకు మించరాదు. కావున యాత్రకు ముందు ప్రణాళిక సరిగా వేయవలసిన భారము మాపై బడినది.

రైలుదారి సైకిలుకు ఎందులకు అనుకూలమో మొదట చెప్పవలెను. ఇనుప పట్టాపై ఇనుప చక్రమునకు పట్టు తక్కువ. వాలు కొంచెము హెచ్చినచో బరువైన బండిని లాగు ఇంజను చక్రములు జారి అక్కడనే తిరుగును. అందుచే రైలు ఇంజనీర్లు కొండను కోసి, పల్లమును పూడ్చి, అదియు చాలనిచోట సొరంగము త్రవ్వియో వంతెన కట్టియో వాలును తగ్గించుకొనిరి. ఇంజను కొరకు పడిన ఆ శ్రమ యంతయు నేడు సైకిలువానికి ఉచితముగా దక్కినది.

అయినను రెండు వైపుల వాలు ఒకటి కాదు. ఈ లెక్కను మేము పదవ తరగతి పిల్లలకు ఇచ్చితిమి. పిట్స్‌బర్గు సముద్రమట్టమునకు సుమారు 720 అడుగుల ఎత్తున నున్నది. కంబర్లాండు సుమారు 600 అడుగులు. నడుమ నున్న శిఖరస్థానము 2,392 అడుగులు. అది కంబర్లాండుకు సుమారు 24 మైళ్లు, పిట్స్‌బర్గుకు 126 మైళ్లు. కంబర్లాండు వైపు నుండి 70 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కవలెను. పిట్స్‌బర్గు వైపు నుండి సగటున 400 అడుగులకు ఒక అడుగు. గుండె నయమైనవానికి ఏ వైపు తగునో వేరుగ చెప్ప నక్కరలేదు. ఒక కుర్రవాడు 240ని 5చే భాగించి రోజుకు 48 అని చేయి ఎత్తినాడు. వెనుక బెంచీలోని బాలిక, “కంబర్లాండు చేరిన తరువాత ఇంటికెట్లు వచ్చెదరండీ?” అని అడిగినది. మేము తిరుగు ప్రయాణము మాటే తలపలేదని ఒప్పుకొనక తప్పలేదు! విచారింపగా కంబర్లాండు నుండి పిట్స్‌బర్గుకు ఆమ్‌ట్రాక్ రైలు ఉన్నది. సైకిలుకు ముందుగానే వేరుగ చోటు తీసికొనవలెను. బండి పిట్స్‌బర్గు చేరునప్పటికి రాత్రి చాల ప్రొద్దుపోవును గనుక ఎవరైన స్టేషనుకు రావలెను.

సమానముగా పంచిన 48 కిలోమీటర్ల లెక్క కాగితముపై బాగుండును గాని, రాత్రి బస యున్న ఊళ్లు సమదూరమున లేవు. మేము నిర్ణయించినది ఇది. మొదటి దినము పిట్స్‌బర్గు నుండి వెస్ట్ న్యూటన్ వరకు 58 కిలోమీటర్లు, చదునైన నదీతీరము. రెండవ దినము కానెల్స్‌విల్ వరకు 40. పిట్స్‌బర్గు ఉక్కు కొలుములకు కోకు బొగ్గు పంపి పేరెక్కిన ఊరిది. మూడవ దినము 43 మాత్రమే గాని జాగ్రత్త పడవలసినది అదే. కానెల్స్‌విల్ దాటిన తరువాత ఒహయోపైల్ వరకు 17 మైళ్లు అడవి, లోయ, ప్రక్కన నది తప్ప ఊరు లేదు. నీరు, తిండి, పంక్చరు సామాను దగ్గర నుండవలెను. ఆ నది పేరు వ్రాతలో ఒకటి, పలుకుబడిలో వేరొకటి. ‘యాకగేనీ’ అనవలెనని తమ్ముడు మూడుసార్లు దిద్దినాడు. ఒహయోపైల్ జలపాతము చూచి, సాయంత్రమునకు కాన్‌ఫ్లూయెన్స్ చేరుట. మూడు ప్రవాహములు కలియుచోటు గనుక ఆ ఊరికి మన భాషలో సంగమమనియే పేరు.

నాలుగవ దినము క్యాసెల్‌మన్ నదిని పట్టి మైయర్స్‌డేల్ వరకు 48. ఇక్కడ నుండి ఎక్కుడు కొంచెము తెలియును. ఊరికి ముందు 1,908 అడుగుల పొడవైన సాల్స్‌బరీ వంతెన లోయమీదుగా పోవును. మేమైతే దానిపై ఒక అరగంట ఆగుటకు వేళ కేటాయించితిమి. అయిదవ దినము 51. ఎనిమిది మైళ్లు ఎక్కినచో శిఖరస్థానము. అక్కడ పడమట పడిన వాన ఒహయో, మిసిసిపీ నదుల మీదుగా మెక్సికో సింధుశాఖకు పోవును; తూర్పున పడినది పొటోమాక్ గుండ అట్లాంటిక్ మహాసముద్రమునకు. తరువాత సొరంగము. అది దాటినంతనే 1763–67 నడుమ కొలిచిన మేసన్–డిక్సన్ సరిహద్దురేఖ, అటు పిమ్మట ఫ్రాస్ట్‌బర్గు, కంబర్లాండు. త్రొక్క నక్కరలేని దారి.

సామాను సంగతి. మన రోడ్లపై తిరుగు సైకిలు వంటి కొంచెము వెడల్పు టైరులే మేలు. పరుగు పందెపు సన్నటైరు వానకు మెత్తబడిన రాతిపొడిలో దిగబడును. దిగుడు పొడవైనది గనుక బ్రేకుకట్టెలు క్రొత్తవి వేయించవలెను. రెండు ట్యూబులు, పంపు, బెల్లు, సొరంగము కొరకు దీపము. లోపల దీపములున్నను చేతిది ఉండుట మంచిది. తమ్ముని మందులు రెండు భాగములు చేసి ఇద్దరి సంచులలోను ఉంచవలెనని మా మరదలి ఆజ్ఞ.

తేదీ మే రెండవ వారము. ఈ ఏటి సొరంగము తెరచు దినము తెలిసికొనుటకు ఇప్పటికే వ్రాసియుంచితిమి. ఒక్క విషయమే తెగలేదు. నాలుగవ సాయంత్రము మైయర్స్‌డేల్‌లో మా అన్నదమ్ముల పిల్లవాడు కారుతో సిద్ధముగా నుండవలెననియు, తమ్ముడు ఏమాత్రము అలసినను అక్కడనే ఎక్కించవలెననియు మా పట్టు. కారు ఫ్రాస్ట్‌బర్గుకు ఇవతల కనబడరాదని అతని పట్టు. మొన్నటి ఉత్తరములో మేము సొరంగపు పడమటి ద్వారము వరకు దిగివచ్చితిమి. జవాబు ఇంకను రాలేదు.