మీకు తెలుసా? తుపాను పుట్టుకా పెరుగుదలా నీళ్లలోనే

‘బంగాళాఖాతంలో అల్పపీడనం’ అన్న వార్త చెవిన పడితే చాలు, కోస్తా రైతు కళ్లు కోసి పడేసిన వరి పనల వైపు పోతాయి. తుపాను అనగానే మనకు ముందు గుర్తొచ్చేది గాలి. కానీ దాన్ని పుట్టించేది నీరు, పెంచేది నీరు. దాని చేతిలో పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం పోయిందీ నీళ్లలోనే. ఆ కథలోంచి కొన్ని సంగతులు.

1. హరికేన్, టైఫూన్, సైక్లోన్ వేర్వేరు కావు

అట్లాంటిక్‌లో, ఈశాన్య పసిఫిక్‌లో పుడితే హరికేన్. వాయవ్య పసిఫిక్‌లో అయితే టైఫూన్. మన బంగాళాఖాతంలో సైక్లోన్. ఊరు మారితే పేరు మారింది, అంతే. ఇందులో ‘సైక్లోన్’ అన్న మాట మన దేశంలోనే పుట్టింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ 1840లలో దాన్ని తయారుచేశాడు. సుడి తిరిగే ఆ గాలులు ఆయనకు చుట్ట చుట్టుకున్న పాములా తోచాయి. అందుకు తగిన గ్రీకు మాట ఎంచుకున్నాడు.

2. ఈ పొయ్యి 26.5 డిగ్రీల దగ్గర అంటుకుంటుంది

సముద్రం దాదాపు 26.5 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. పైపైన వేడెక్కితే చాలదు, సుమారు 50 మీటర్ల లోతు దాకా వెచ్చగా ఉండాలి. అక్కడ లేచిన ఆవిరి పైకి పోయి మబ్బుగా మారేటప్పుడు, సముద్రం దగ్గర తీసుకున్న వేడినంతా గాలికి అప్పజెబుతుంది. లీటరు నీళ్ల ఆవిరి అలా చల్లబడితే వెలువడే వేడితో అయిదు లీటర్ల మంచునీళ్లను మరగబెట్టొచ్చు. ఒక తుపాను ఎన్ని కోట్ల లీటర్ల వాన కురిపిస్తుందో తలచుకుంటే దాని బలం ఎక్కడిదో తెలిసిపోతుంది.

3. భూమధ్యరేఖ మీద తుపాను పుట్టదు

అక్కడ సముద్రం వెచ్చగానే ఉంటుంది, ఆవిరికీ కొదవ లేదు. లేనిదల్లా సుడి. లోపలికి దూసుకొచ్చే గాలిని పక్కకు తిప్పేది భూభ్రమణం. ఆ ప్రభావం భూమధ్యరేఖ దగ్గర దాదాపు సున్నా. అందుకే రేఖకు అటూ ఇటూ అయిదు డిగ్రీల లోపు తుపానులు పుట్టడం బహు అరుదు. 2001 డిసెంబరులో సింగపూర్ దగ్గర, రేఖకు రెండు డిగ్రీల లోపే పుట్టిన ‘వామెయ్’ శాస్త్రజ్ఞులనే ఆశ్చర్యపరిచింది. ఉత్తరార్ధగోళంలో తుపానులు గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాయి, దక్షిణార్ధగోళంలో ముల్లుతో పాటే తిరుగుతాయి.

4. జోరువానల్లో పెద్ద తుపానులు ఎందుకు రావు?

జూలై, ఆగస్టు నెలల్లో బంగాళాఖాతం వెచ్చగానే ఉంటుంది. అయితే కింద గాలి నైరుతి నుంచి వీస్తుంటే, బాగా ఎత్తున తూర్పు నుంచి వీస్తుంది. నిలువుగా లేవాల్సిన మబ్బుల స్తంభం నిలదొక్కుకోకముందే ఆ రెండూ కలిసి దాన్ని వంచేస్తాయి. అందుకే మనకు తుపానుల కాలాలు రెండు. ఒకటి రుతుపవనాలకు ముందు, రెండోది అవి వెనుదిరిగాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా.

5. నదుల నీళ్లే దానికి దుప్పటి

తుపాను సముద్రాన్ని కవ్వంలా చిలుకుతుంది. అడుగున ఉన్న చల్లటి నీళ్లు పైకొస్తాయి, పొయ్యి చల్లబడుతుంది. బంగాళాఖాతంలో ఈ ఆట అంత తేలిగ్గా సాగదు. వానలు కురిశాక గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి మోసుకొచ్చిన మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి పైన పొరలా పరుచుకుంటుంది. ఆ పొర కింది చల్లదనాన్ని అంత సులువుగా పైకి రానివ్వదు. మన పొలాలు తడిపిన నీళ్లే కడలిలో తుపానుకు అండగా నిలుస్తాయన్నమాట.

6. వాయుగుండం ఎప్పుడు తుపాను అవుతుంది?

గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దగ్గర తీవ్ర వాయుగుండం, 62 దగ్గర తుపాను. పేరు పెట్టేది అప్పుడే. 118 దాటితే అతి తీవ్ర తుపాను, 222 చేరితే సూపర్ సైక్లోన్. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి: గాలి వేగం రెట్టింపైతే గోడ మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. వంద వేగానికి రేకు లేచిపోతే, రెండు వందల వేగానికి ఏమవుతుందో ఊహించుకోండి.

7. నడిమధ్యన నిశ్శబ్దం

తుపాను కన్ను సాధారణంగా 30 నుంచి 65 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. దాని చుట్టూ ఉన్న మబ్బుల గోడలో గాలి అన్నిటికన్నా ఉధృతం, కన్ను లోపల మాత్రం దాదాపు ప్రశాంతం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖపట్నం మీదుగా వెళ్లింది. హోరు ఒక్కసారిగా తగ్గింది. కాసేపటికి మళ్లీ మొదలైంది, ఈసారి ఎదుటి దిక్కు నుంచి. ఒకవైపు గాలికి వదులైన చెట్టును రెండోవైపు గాలి కూల్చేస్తుంది. తెరిపి ఇచ్చింది కదా అని వీధిలోకి వచ్చినవారికి ముప్పు తప్పదు.

8. ఉప్పెనకు కుడిచేతి వాటం

తుపాను వెనక నిలబడి అది వెళ్లే వైపు చూస్తున్నామనుకోండి. మన అర్ధగోళంలో కుడి పక్కనే గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది. ఎడమ పక్కన నీళ్లు వెనక్కి తగ్గనూ వచ్చు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. పోయినవారు అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేలమంది. అంతకు ముందు 1864 నవంబరు 1న మచిలీపట్నంలో ఉప్పెన సుమారు 30 వేలమందిని బలిగొంది. అంతకు నెల్లాళ్ల ముందే కలకత్తాను మరో తుపాను కుదిపేసింది. ఇలాంటి దెబ్బలూ, తర్వాత వచ్చిన కరవులూ కలిసి 1875లో భారత వాతావరణ శాఖ పుట్టడానికి దారితీశాయి.

9. పదకొండో నంబరు అంటే?

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు మొత్తం పదకొండు. 8, 9, 10 ‘మహా ప్రమాద’ సూచికలు. మరి 11? తుపాను ఇంకా ముదిరిందని కాదు. హెచ్చరికలు పంపే కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. అన్నిటికన్నా పెద్ద అంకె కబురు అందకపోవడానిదే.

10. తన గోతిని తానే తవ్వుకుంటుంది

నేల మీదికి వస్తే ఆవిరి అందదు. చెట్లూ గుట్టలూ గాలికి అడ్డుపడతాయి. పొడిగాలి చొరబడితే మబ్బులు విరిగిపోతాయి. కడలి మీదే ఒకచోట తిష్ఠ వేస్తే, తాను చిలికి పైకి తెచ్చిన చల్లటి నీళ్లే దాన్ని నీరసింపజేస్తాయి. అది వెళ్లిన దారి పొడవునా చల్లటి చార ఉపగ్రహాలకు కనిపిస్తుంది.

11. నీళ్లు దొరికితే మళ్లీ లేస్తుంది

2021 సెప్టెంబరు 26న ‘గులాబ్’ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తెలంగాణను తడిపి, మహారాష్ట్ర మీదుగా పోతూ నీరసించి అల్పపీడనంగా మిగిలింది. అక్కడితో కథ ముగిసిందనుకుంటే, ఆ మిగులే గుజరాత్ పక్కగా అరేబియా సముద్రంలోకి దిగింది. వెచ్చటి నీళ్లు తగిలాయి. మళ్లీ తుపానై ‘షాహీన్’ అనే కొత్త పేరుతో అక్టోబరు మొదట్లో ఒమన్ మీద పడింది. గులాబ్ అంటే గులాబీ, షాహీన్ అంటే డేగ. ఉత్తరాంధ్రలో పువ్వు పేరుతో రాలినది, అవతలి కడలి నీళ్లు తాగి డేగ పేరుతో ఎగిరిందన్నమాట.