పరదేశమున పైకము
విద్యానగరు నుండి కూతురి పురిటికై అమెరికాకు పయనమగు తల్లిదండ్రులు ఆవకాయ జాడీకి వాసెన కట్టుటయందు చూపు శ్రద్ధలో పాతికవంతైనను డెబిట్ కార్డుపై చూపరు. 2020 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశానుసారము కొత్తగా ఇచ్చు కార్డులు స్వదేశమునకే పరిమితములు. విదేశీ వినియోగమును ఖాతాదారుడే కోరి తెరిపించుకొనవలెను. ఇక, అచట నగదు తీసిన ప్రతిసారి మన బ్యాంకు పుచ్చుకొను నిర్ణీత రుసుము, మారకముపై సాధారణముగా 3 శాతమునకు అటునిటుగా అదనము, ఆ రుసుములపై 18 శాతము జీఎస్టీ, అచటి ఏటీఎం యజమాని సుంకము, ఇన్ని చేతులు దాటి వచ్చిన నోటు చిక్కిపోక మానునా? కావున కార్డు నెన్నుకొనునపుడు విమానాశ్రయపు లాంజి ప్రలోభమును గాక, మొదటి రెండు రుసుములను విచారింపుడు. పదిమార్లు కొంచెము కొంచెముగా తీయక, ఒక్కమారే తీయుడు. యంత్రము "రూపాయలలో లెక్కింతునా?" యని మర్యాదగా నడుగును. ఆ మర్యాద మిక్కిలి ఖరీదైనది. వలదని డాలర్లనే ఎంచుకొనుడు.