ఈసారి యాన్యువల్ డేకి నల్లరంగు ఎందుకు వద్దంటున్నాం?



నిరుడు మన యాన్యువల్ డేలో ఐదో తరగతి పిల్లలు చేసిన "ఆఫ్రికన్ డాన్స్" మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆకుల లంగాలు, అట్టముక్కలతో చేసిన ఈటెలు, ముఖానికీ చేతులకూ నల్లరంగు. చప్పట్లతో హాలు మోగిపోయింది. ఆ ఐటమ్ నేర్పించింది నేనే. "ఈసారి కూడా అదే పెట్టండి మిస్, కాస్ట్యూమ్స్ ఇంట్లోనే ఉన్నాయి" అని కొందరు పేరెంట్స్ అడిగారు. పెట్టడం లేదు. కారణం చెప్పడానికే ఈ నెల ఈ పేజీ తీసుకున్నాను.

ఆ రోజు స్టేజీ వెనక పిల్లలు వరసగా నిలబడి రంగు పూయించుకుంటున్నారు. ఒకబ్బాయి వంతు రాగానే పక్కవాడు "నీకు రంగు అక్కర్లేదురా, నువ్వు ఆల్రెడీ రెడీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అబ్బాయి కూడా నవ్వాడు. నా చేతి నిండా సేఫ్టీ పిన్నులు, పై ఐటమ్ మాదే. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

ఇంటికి వెళ్లాక ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ మాట అన్న పిల్లవాడిని తప్పు పట్టలేను. నలుపు అంటే ఒక వేషమని, ఆఫ్రికా అంటే నవ్వు తెప్పించే వేషమని నెల రోజుల ప్రాక్టీసులో వాళ్లకి నేర్పింది నేనే. మధ్యలో ఒక పాప "ఇది ఏ దేశం డాన్స్ మిస్?" అని అడిగింది. "ఆఫ్రికా" అన్నాను. సోషల్ టీచర్ వింటే నవ్వేవారు. ఆఫ్రికా దేశం కాదు, ఖండం. అందులో 54 దేశాలున్నాయి, సుమారు 2 వేల భాషలున్నాయి. మేం చేసిన డాన్స్‌కి ఊరు లేదు, పేరు లేదు, సందర్భం లేదు.

ఫిలడెల్ఫియాలో ఒక ఆదివారం

మా పెద్దమ్మగారి అమ్మాయి అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర ఉంటుంది. జూన్‌లో ఒక ఆదివారం నాకు వీడియో కాల్ చేసి ఫోన్ వీధి వైపు తిప్పింది. కనుచూపు మేర జనం. డప్పుల మోత. తెల్లబట్టల్లో, పసుపు బట్టల్లో ఆడవాళ్లు పూలూ పండ్లూ పట్టుకుని వంతెన మీదికి నడుస్తున్నారు. "టికెట్ ఎంత?" అని అడిగాను. "టికెట్ లేదే, గేటు కూడా లేదు" అంది. ఆ పండగ పేరు ఒడుండే. అప్పటినుంచి దాని గురించి చదువుతూనే ఉన్నాను.

నైజీరియాలో కోట్లమంది మాట్లాడే యొరుబా భాషలో "ఒడున్" అంటే సంవత్సరం, పండగ కూడా. "డే" అంటే వచ్చింది. పండగొచ్చింది, కొత్త ఏడాది వచ్చింది అని ఆ పేరుకు అర్థం. ఏటా జూన్ రెండో ఆదివారం ఫిలడెల్ఫియాలోని సౌత్ స్ట్రీట్, 23వ వీధి కలిసే చోట ఇది జరుగుతుంది. చుట్టుపక్కల వీధులన్నీ ఆ రోజు పండగవే. రెండు పెద్ద స్టేజీలు, పగలంతా పాటలు, నాట్యాలు. ఆఫ్రికా దేశాల నుంచి, కరీబియన్ దీవుల నుంచి, బ్రెజిల్ నుంచి వచ్చిన బట్టలు, పూసలు, బొమ్మలు, తిండి అమ్మే అంగళ్లు వందకు పైగా ఉంటాయి. కొనాలనుకున్నది కొనుక్కోవాలి కానీ పాట వినడానికీ ఆట చూడడానికీ ఎవరూ పైసా కట్టక్కర్లేదు.

దీన్ని మొదలుపెట్టింది ఏ పెద్ద సంస్థో కాదు. ఆ పేటలోనే పుట్టి పెరిగిన లోయిస్ ఫెర్నాండెజ్ అనే ఆవిడ. 1970ల మొదట్లో ఆమె నైజీరియా వెళ్లి ఒషోగ్బో అనే ఊళ్లో ఒషున్ నది పండగ చూశారు. ఒషున్ యొరుబా వాళ్ల నదీ దేవత. ఆ ఊరి పక్కన నది ఒడ్డున ఉన్న ఒషున్ వనాన్ని యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి పండగలో ఒక కన్నెపిల్ల నైవేద్యం ఉన్న సొరకాయ బుర్రను తలమీద పెట్టుకుని నదిదాకా నడుస్తుంది, వెనక ఊరంతా కదులుతుంది. బోనం ఎత్తిన ఇళ్ల వాళ్లకు ఆ నడక కొత్తగా అనిపించదు.

లోయిస్ గారు తిరిగొచ్చి 1975లో, చేతికందిన 100 డాలర్ల సాయంతో, ఇరుగుపొరుగు తోడు రాగా తన పేటలో అలాంటి పండగే చేశారు. ఒషున్ నది అక్కడ లేదు కాబట్టి ఊళ్లో పారే స్కూల్‌కిల్ నదికి పూలూ పండ్లూ సమర్పించారు. ఇప్పటికీ పండగలో ముఖ్యమైన ఘట్టం అదే. లోయిస్ గారు 2017లో కన్నుమూశారు. ఆమె కూతురు ఆ పని అందుకుని నడిపిస్తున్నారు.

ఎందుకంత ముఖ్యం?

ఒక పండగను సముద్రం దాటించి తెచ్చుకోవడం ఎందుకని మీకు అనిపించవచ్చు. మన తెలుగువాళ్లు అమెరికా వెళ్తే తమ భాషనూ, దేవుళ్లనూ, ఉగాది పచ్చడినీ వెంట తీసుకెళ్లారు. ఫిలడెల్ఫియా నల్లజాతి కుటుంబాల పూర్వీకులు అలా ఇష్టపడి వెళ్లినవాళ్లు కాదు. వాళ్లను బానిసలుగా ఓడల్లో తీసుకెళ్లారు. సొంత పేర్లు తీసేశారు, భాష పోయింది. చాలాచోట్ల డప్పు కొట్టడం కూడా నిషేధమే. తాతల ఊరు ఏదో, వాళ్లు మాట్లాడిన భాష ఏదో ఆ కుటుంబాల్లో చాలామందికి చెప్పేవాళ్లే లేరు. అలాంటి పేటలో ఒకావిడ "మనకూ కొత్త ఏడాది ఉంది, దానికో పేరుంది" అని వీధిలోకి వచ్చి చెప్పారు. అందుకే అది వినోదం ఒక్కటే కాదు.

ఉచితంగా, వీధిలోనే జరగడానికీ ఒక కారణం ఉందని నాకనిపిస్తుంది. సౌత్ స్ట్రీట్ మీదుగా పెద్ద హైవే వేయాలని ఏళ్ల తరబడి ప్లాన్లు నడిచాయి. అవి 1970ల్లో ఆగిపోయాయి. ఆ తర్వాత ఇళ్ల ధరలు పెరిగి పాత కుటుంబాలు చాలావరకు వేరే చోట్లకు వెళ్లిపోయాయి. అయినా జూన్ రెండో ఆదివారం వాళ్లూ వాళ్ల పిల్లలూ అదే వీధికి వస్తారు. హాల్లో టికెట్ పెట్టి చేస్తే కొనగలిగినవాళ్లే వచ్చేవారు. వీధి కాబట్టి అందరికీ చోటుంది. మా అక్కలాంటి వేరే దేశం మనిషికీ చోటు దొరికింది. ఆమె కొడుకు స్టేజీ ముందు అలిసిపోయేదాకా గంతులేశాడట. వాడికి ఎవరూ రంగు పూయలేదు. అక్కడున్న ఒక్కరి ఒంటి మీదా ఆకుల లంగా లేదు.

మాట్లాడే డప్పు

ఇంగ్లిష్ టీచర్‌ని కదా, నాకు అన్నిటికన్నా నచ్చింది యొరుబా వాళ్ల డుండున్ అనే డప్పు. ఇంగ్లిష్‌లో దీన్ని టాకింగ్ డ్రమ్ అంటారు. ఆకారం మన ఢమరుకంలా నడుము సన్నగా, రెండు వైపులా చర్మంతో ఉంటుంది. ఆ రెండు చర్మాలనూ కలుపుతూ చుట్టూ తోలు తాళ్లుంటాయి. డప్పును చంకలో పెట్టుకుని ఒంపు కర్రతో కొడతారు. చంకతో తాళ్లను నొక్కితే చర్మం బిగుసుకుని స్వరం పైకి వెళ్తుంది. వదిలితే కిందికి దిగుతుంది.

దీంతో మాటలు ఎలా వస్తాయి? యొరుబాలో ఒకే అక్షరాలను పై స్వరంలో, మధ్య స్వరంలో, కింది స్వరంలో పలికితే అర్థం మారిపోతుంది. "ఒకొ" అనే మాట స్వరాన్ని బట్టి భర్త కావచ్చు, వాహనం కావచ్చు, పొలంలో తవ్వే పార కావచ్చు, ఈటె కూడా కావచ్చు. డప్పు ఆ స్వరాల ఎత్తుపల్లాలనే పలికిస్తుంది. విన్నవాళ్లు వాటినుంచి పొగడ్తను, సామెతను, పిలుపును పట్టుకుంటారు. అంటే అది కొట్టేవాడికి భాష బాగా రావాలి, సామెతలు తెలియాలి, ఎవరిని ఎలా పొగడాలో తెలియాలి. చాలా కుటుంబాల్లో ఈ విద్య తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. నిరుడు నేను పిల్లలతో కొట్టించిన "డుంబ డుంబ" గుర్తొచ్చి సిగ్గేసింది.

మన దగ్గర ఉన్న ఆఫ్రికా

ఇదంతా ఎక్కడో అమెరికాలో సంగతి అనుకోకండి. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. మా క్లాసులో అడిగితే ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ అన్నారు పిల్లలు. కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో గుర్రపు దళంగా పనిచేసిన ఆఫ్రికా సంతతి సైనికులు, వాళ్ల కుటుంబాలు ఉన్న చోటు అది. వాళ్లను సిద్దీలంటారు. వాళ్ల వారసులు నేటికీ ఆ పేటలో ఉన్నారు. ఉర్దూ మాట్లాడతారు, మనలాగే హైదరాబాదీలు.

పాతబస్తీ పెళ్లిళ్లలో వినిపించే మర్ఫా వాద్యం యెమెన్ అరబ్బులతో, ఆఫ్రికా సంతతి సైనికులతో మన నగరానికి వచ్చింది. అందులో ఒక లయ పేరు తీన్‌మార్. బరాత్ ముందు చేతులెత్తి తీన్‌మార్ వేయని హైదరాబాద్ కుటుంబం ఉంటుందా? నల్లరంగు పూసుకోకుండానే ఆఫ్రికా తాళానికి మనం ఎన్నేళ్లుగానో ఆడుతున్నామన్నమాట.

ఈ ఏడాది ఏం చేస్తున్నాం?

ఆఫ్రికా ఐటమ్ తీసేయడం లేదు, మారుస్తున్నాం. ఆరో తరగతి పిల్లలు గమ్ బూట్ డాన్స్ చేస్తారు. ఇది దక్షిణాఫ్రికాది, జొహన్నెస్‌బర్గ్ చుట్టుపక్కల బంగారు గనుల్లో పుట్టింది. రకరకాల భాషల కూలీలు చీకట్లో, నీళ్లలో నిలబడి పనిచేసేవారు. పనివేళల్లో మాట్లాడుకోనిచ్చేవారు కాదని, రబ్బరు బూట్ల మీద చరుస్తూ కబుర్లు పంపుకునేవారని చెబుతారు. ఆ చరుపులే తర్వాత సెలవురోజుల ఆటగా, ఆపైన స్టేజీ మీద నాట్యంగా మారాయి. డాన్స్‌కి ముందు ఈ కథను ఇద్దరు పిల్లలు తెలుగులో, ఇంగ్లిష్‌లో చెబుతారు.

బూట్లు స్కూలే తెస్తుంది. ఈ ఐటమ్‌కి కాస్ట్యూమ్ చార్జీలు లేవు. పాత ప్యాంటు, ముదురు రంగు చొక్కా చాలు. రంగు డబ్బా మాత్రం కొనకండి.

మీ ఇంట్లో కొంచెం సాయం

మూడు చిన్న విషయాలు అడుగుతున్నాను. ఒకటి, ఆఫ్రికా మాట వచ్చినప్పుడు దేశం పేరుతో చెప్పండి. నైజీరియా, కెన్యా, ఘనా, ఇథియోపియా. ఇంట్లో గ్లోబు ఉంటే పిల్లలతో వెతికించండి.

రెండు, మాల్‌లోనో బస్టాపులోనో ఆఫ్రికా విద్యార్థులు కనిపిస్తే పిల్లలు వేలు చూపించి నవ్వుతారు. అప్పుడు మనం ఏం చేస్తామో వాళ్లు గమనిస్తారు. మనమూ నవ్వితే ఆ పాఠాన్ని క్లాసులో చెరపడం నాకు చాలా కష్టం.

మూడోది కాస్త ఇబ్బందైన మాట. "ఎండలో ఆడకు, నల్లబడతావు" అని మా అమ్మ నన్ను అనేది. ప్రేమతోనే అనేది. నేనూ క్లాసులో ఒకసారి అన్నాను. "ఎండదెబ్బ తగులుతుంది, టోపీ పెట్టుకో" అంటే సరిపోతుంది. నల్లబడితే ఏమవుతుందో అని భయపడే పిల్లలే రేపు పక్కవాడిని "నువ్వు ఆల్రెడీ రెడీ" అంటారు.

స్కూళ్లు తెరిచాక ఆ అబ్బాయిని విడిగా పిలిచి సారీ చెప్పాను. "దేనికి మిస్?" అన్నాడు. కాసేపు నేల చూసి "ఓ, అదా" అన్నాడు. మరిచిపోలేదని నాకు అర్థమైంది. గమ్ బూట్ డాన్స్‌కి పేర్లు అడిగినప్పుడు చెయ్యెత్తలేదు. మూడో రోజు వచ్చి "రంగు ఉండదు కదా మిస్?" అని అడిగి పేరు ఇచ్చాడు.

యాన్యువల్ డే నాడు స్టేజీ దిగాక మీ పిల్లలను ఆ డాన్స్ పేరేంటో, ఎక్కడిదో, ఎవరు మొదలుపెట్టారో అడగండి. చెప్పలేకపోతే నన్ను అడగండి. ఆ తప్పు నాదే అవుతుంది.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్