టైమ్ సర్వర్ మాట నమ్మొచ్చా?

మీ కంప్యూటర్‌కు తన గడియారం మీద తనకే నమ్మకం లేదని మీకు తెలుసా? అందుకే మధ్యమధ్యలో ఏదో ఒక టైమ్ సర్వర్‌ని 'ఎంతయింది?' అని అడుగుతుంది. ఇలా అడిగి చెప్పించుకునే పద్ధతి పేరు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్). ప్రశ్న 48 బైట్లు, జవాబూ 48 బైట్లే. కబుర్లు నిల్!

మరి ఆ సర్వరే అబద్ధమాడితే? ఆ ముచ్చటా జరిగింది! 2012 నవంబరు 19న అమెరికా నేవీ అబ్జర్వేటరీ సర్వర్లు రెండు దాదాపు 51 నిమిషాలపాటు 'ఇది 2000 సంవత్సరం' అని చెప్పాయి. వాటి పేర్లు టిక్, టాక్! ఆ రెంటినే నమ్ముకున్న చోట్ల రూటర్లు, ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజీలు, లాగిన్ సర్వర్లు ఒక్క దెబ్బకి పన్నెండేళ్లు వెనక్కి పోయాయి. 2000లో వస్తుందని భయపడ్డ వైటూకే గండం రానే వచ్చింది, కాస్త ఆలస్యంగా!

ఒక్క సర్వర్‌నే అడిగితే అబద్ధం పట్టుబడదు. ఇద్దర్ని అడిగితే దొంగ ఎవరో తేలదు. ముగ్గురైతే మెజారిటీ దొరుకుతుంది గానీ, ఒకరు సెలవు పెడితే కథ మళ్లీ మొదటికే. అందుకే కనీసం నాలుగు ఉండాలంటారు. మెజారిటీతో కలవని సర్వర్‌కి పెట్టిన పేరేంటో మీకు తెలుసా? 'ఫాల్స్‌టిక్కర్'! తిట్టు కూడా టిక్‌టిక్‌మంటోంది.

'మాది స్ట్రాటమ్ 1, అణు గడియారానికి పక్కింటివాళ్లం' అని చెప్పుకోడానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదని మీకు తెలుసా? అసలు గడియారానికి ఎంత దూరమో చెప్పే ఈ స్ట్రాటమ్ నంబరు ఎవరిది వాళ్లే వేసుకుంటారు. 16 అని వేసుకున్న సర్వరే నయం. 'టైమెంతో నాకే తెలీదు' అని ముందే ఒప్పేసుకుంటుంది!

సర్వర్ సత్యహరిశ్చంద్రుడైనా లెక్క తప్పొచ్చు, తెలుసా? ప్రశ్న పోవడానికీ జవాబు రావడానికీ సమానంగా టైమ్ పట్టిందనుకుని కంప్యూటర్ లెక్క వేస్తుంది. పోయేటప్పుడు 10, వచ్చేటప్పుడు 90 మిల్లీసెకన్లు పట్టాయా, 40 మిల్లీసెకన్ల తేడా ఖాయం. దారిలో ట్రాఫిక్ జామ్, నింద సర్వర్‌కి!

వెయ్యి సెకన్లకు మించి తేడా కనిపిస్తే పాతకాపు ఎన్‌టీపీ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో తెలుసా? సరిదిద్దదు, వాదించదు. పని మానేసి వెళ్లిపోతుంది! ఆత్మాభిమానం అంటే అదీ.

స్వచ్ఛందంగా నడిచే టైమ్ సర్వర్ల గుంపు 'ఎన్‌టీపీ పూల్'లో సర్వర్లకి మార్కులుంటాయని మీకు తెలుసా? ఫుల్ మార్కులు 20. పదికి తగ్గితే పూల్‌లోంచి బయటికే. సప్లిమెంటరీ ఉంది లెండి, బాగుపడితే మళ్లీ చేర్చుకుంటారు.

మన దేశంలో? నెట్‌వర్క్ గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ), నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ (ఎన్‌పీఎల్) సర్వర్లతోగానీ, వాటికి జతపడిన వాటితోగానీ కలపాలని సైబర్ భద్రత చూసే సర్కారీ సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. టైమ్‌కి రమ్మని సర్కారు వారి హుకుం!

చివరిగా మరో బాంబు. ఎన్‌టీపీ సెకన్ల లెక్క 1900 జనవరి 1న మొదలై 2036 ఫిబ్రవరి 7న నిండిపోతుందని మీకు తెలుసా? అప్పుడు మళ్లీ సున్నా నుంచే! సాఫ్ట్‌వేర్ సిద్ధంగా లేని చోట తేదీ ఏకంగా 1900కి పోవచ్చు. ఆ లెక్క నిండేది మన టైమ్ ప్రకారం గురువారం ఉదయం 11:58కి. నింద రాహుకాలం మీదకి నెట్టేద్దామంటే అదీ కుదరదు, గురువారం అది మధ్యాహ్నం ఒకటిన్నరకి గానీ రాదు!